నడిమి క్యాసెట్టు

మౌలాలి బెంగుళూరు నుంచి మూడు క్యాసెట్లు తెచ్చాడని వినగానే, తన వంతుకు నడిమిదే వస్తుందని మసూద్‌కు తెలిసిపోయింది. మూడు దోసెలు పోసినా, మూడు చొక్కాలు కుట్టించినా ఆ ఇంట్లో నడిమిది మసూద్‌దే. పెద్దవాడు పెద్దరికంతో మొదటిది లాక్కుంటాడు, చిన్నవాడు గారాబంతో చివరిది కొట్టేస్తాడు, మిగిలింది మసూద్ ముందుకు దొర్లుకుంటూ వస్తుంది. ముప్పయ్యేళ్ళు వచ్చినా ఈ లెక్క మారలేదు.

వాళ్ళమ్మ ఫాతిమాబీకి హిందూపురంలో పరుపుల అంగడి ఉండేది. దూది ఏకించి, పరుపులు కుట్టించి, ఆ సంపాదనతో ముగ్గురు కొడుకులకూ మూడు ఊళ్ళలో వీడియోలు పెట్టించింది. హిందూపురంలో మౌలాలి, ధర్మవరంలో చిన్నవాడు రహీమ్, రెంటికీ మధ్య పెనుకొండలో మసూద్. వీడియో అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. ఒక ఖాళీ వేరుశనగ గోడౌను, బల్ల మీద టీవీ, దాని పక్కన వీసీఆర్, నేల మీద చాపలు. తొంభై నాలుగులో ఆ మాత్రానికే ఆదివారం మధ్యాహ్నం గోడౌను నిండిపోయేది.

అయితే ఫాతిమాబీ కొడుకుల వీడియోల్లో ఇంకెక్కడా లేని ఒక సరుకు ఉండేది, మైకు. ఇంగ్లీషు సినిమా వేసి, దాని గొంతు నొక్కేసి, మైకు పట్టుకుని కథంతా తెలుగులో చెప్పేవాళ్ళు. వాళ్ళ నాయన టూరింగ్ టాకీసుల్లో ఆ పనే చేసి పోయాడు. ముగ్గురిలో ఎవరికీ ఇంగ్లీషు ముక్క రాదు, దానివల్ల ఏనాడూ ఇబ్బంది కలగలేదు. నాయన వదిలిపోయిన కిటుకు ఒక్కటే: తెర మీద మనిషి కనిపించగానే ముందు వరస కలిపెయ్యాలి. వీడు బావ, ఆమె వదిన, ఆ గడ్డపాయన మేనమామ. వరస కుదిరితే ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో జనానికి ఇట్టే అర్థమైపోతుంది. వరస తెలియకపోతే ఎంత గొప్ప సినిమా అయినా పరాయి ఇంటి పెళ్ళికి పిలవకుండా పోయినట్టే ఉంటుంది.

ఇలా సాగుతుండగా ఊళ్ళలోకి కేబుల్ తీగలు వచ్చాయి. చాపల మీద జనం పలచబడ్డారు. ఫాతిమాబీ ముగ్గురినీ పిలిపించి కూర్చోబెట్టింది.

"మూడు వీడియోలు ఇంగ నాతో కాదు. ఒగటి ఎత్తేస్తా. మౌలాలి తెచ్చిన మూడు క్యాసెట్లూ ఒగే సినిమా అంట కదా? మొదటి బాగం, రెండో బాగం, మూడో బాగం. తలా ఒగటి ఏసుకోండి. నేనొచ్చి చూస్తా. యాడ జనం లేచిపోతారో ఆ వీడియో మూసేస్తా. ఓడిపోయినోడు గెలిచినోని కాడ టికెట్లు చింపుకుంటా ఉండల్ల. ఎవుని క్యాసెట్టు వాడే చూసుకోండి. పక్కోనిది తొంగి చూసినారో, ముగ్గురివీ మూసేస్తా."

తల్లి పక్షపాతం చూపిందని ఎవరూ అనలేరు. కానీ మొదటి భాగం మౌలాలి చంకలోకి, మూడోది రహీమ్ సంచిలోకి ఎప్పుడు పోయాయో మసూద్ చూసుకునేలోపే అయిపోయింది. చేతిలో నడిమి క్యాసెట్టు, కళ్ళ ముందు తమ్ముడి గుమ్మంలో స్టూలు మీద కూర్చుని టికెట్లు చింపుతున్న తను. ఆ స్టూలు గుర్తొస్తే చాలు, అన్నం దిగేది కాదు.

పెనుకొండకు వచ్చి భార్య మెహరున్నీసాతో కలిసి ఆ క్యాసెట్టు వేసుకున్నాడు. ఒక బక్కపలచని టైలరు. ఒక పెద్ద బీరువా. బీరువాలో దూరి తలుపు వేసుకుంటే వేరే కాలానికి పోతారు. అంతవరకు చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. కానీ సినిమా మొదలవడమే టైలరు ఏటి మధ్యలో బీరువా తలుపు పట్టుకుని వేలాడుతూ మొదలైంది. గులాబీ గౌను వేసుకున్న ముసలామె ఒకతె వాణ్ణి చెప్పుతో కొడుతుంది, కాసేపటికి ముద్దు పెట్టుకుంటుంది. పక్కన ఒక చక్కని పిల్ల. వాళ్ళు రాజుల కాలానికి పోతారు, రైళ్ళు గాలిలో తిరిగే కాలానికి పోతారు, పోయిన చోటికే మళ్ళీ పోతారు. చివర ముసలామె బీరువాలో ఉండగా తలుపు పడిపోతుంది, టైలరు బయట నిలబడి దబదబా బాదుతాడు, సినిమా అయిపోతుంది.

"ఇదేం సినిమా? తలా లేదు, తోకా లేదు" అంది మెహరున్నీసా.

"తల మా అన్న కాడ ఉండాది, తోక మా తమ్ముని కాడ ఉండాది" అన్నాడు మసూద్ ఏడుపు మొహంతో.

టీ అంగడిలో పోతులయ్య ఇంకాస్త కారం చల్లాడు. పోతులయ్య పని చేసేది తక్కువ, సినిమాలు చూసేది ఎక్కువ. మసూద్ నోట బీరువా కథ వినీ వినగానే తీర్పు చెప్పేశాడు. "యా సినిమా అయినా అంతేప్పా. మొదటిదాంట్లో బీరువా యాడ దొరికెనో చెప్తారు. మూడోదాంట్లో అది ఏమైపాయనో చెప్తారు. నడిమిదాంట్లో ఏముంటాది? తలుపు తీసేది, తలుపు ఏసేది. నీదానికి దుడ్లిచ్చి ఎవురొస్తారు?"

మసూద్‌కు ఒళ్ళు మండింది. మండినా, పోతులయ్య అన్నది నిజమేనని కడుపులో తెలుసు. ఆ సాయంత్రమే ప్యాసింజరెక్కి హిందూపురం పోయి, అమ్మ కంట పడకుండా పరుపుల అంగడి వెనక సందులో అన్నను పట్టుకున్నాడు.

"అన్నా, క్యాసెట్టు చూపియ్యొద్దులే. వరసలు మాత్రం చెప్పు. ఆ ముసలామె వానికేం కావల్ల?"

మౌలాలి అటూ ఇటూ చూసి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పడినప్పుడైనా మసూద్ అనుమానపడాల్సింది. "నువ్వు కాబట్టి చెప్తాండా. అమ్మకు చెప్పొద్దు. టైలరు పేరు ఎల్లప్ప అని పెట్టినాము. ముసలామె ఉలిగమ్మ, వానికి సొంత అక్క. ఆ పిల్ల రోజా, అక్క కూతురు. ఎల్లప్ప చేసుకునే పిల్ల."

మసూద్ పొంగిపోయాడు. పెనుకొండలో చాప మీద కూర్చునేవాళ్ళలో సగంమంది అక్క కూతుర్ని చేసుకున్నవాళ్ళే. ఈ వరస కుదిరితే సినిమా ఆడినట్టే. దొంగచాటుగా అడగడానికి వచ్చినవాడికి దొంగ సరుకే దొరుకుతుందన్న ఆలోచన వాడికి రాలేదు. తిరుగు రైల్లో దారి పొడవునా ఎల్లప్ప మాటలు తనలో తనే చెప్పుకుంటూ వచ్చాడు.

హిందూపురంలో మొదటి భాగానికి ఫాతిమాబీ నిద్రపోలేదు. ధర్మవరంలో మూడో భాగానికీ నిద్రపోలేదు. ఆమె ముందు చాప మీద ఆకువక్క సంచి పెట్టుకుని కూర్చుంటుంది, సినిమా బాగోలేకపోతే ఆ సంచి మీదే తల పెట్టి పడుకుంటుంది. ఆమె గురక వినిపించిందంటే ఆ సినిమా పని అయిపోయినట్టే. పెనుకొండలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మసూద్ ఆట రెండు వారాలు వెనక్కి పోయింది, అందువల్ల తలా తోకా రెండూ చూసేసిన తల్లి ముందు నడిమిది చూపించాల్సి వచ్చింది.

ఆ ఆదివారం గోడౌను కిక్కిరిసింది. పోటీ సంగతి ఊరంతా పాకింది. వెనక గోడకు ఆనుకుని మౌలాలి, రహీమ్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మసూద్ గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు.

"చూడండి చూడండి! ఏట్లో బీరువా పట్టుకోని యాలాడతాండాడే, ఈడే మన టైలరు ఎల్లప్ప. గట్టు మీద గులాబీ గౌను ఏసుకోని చెప్పు తీస్తాండాదే, ఆమె వాళ్ళక్క ఉలిగమ్మ..."

"నిల్లప్పా నిల్లు!" పోతులయ్య లేచి నిలబడ్డాడు. "హిందూపురంలో ఆమె వాని అత్త. నేను చూసొచ్చిన్యా. ఈడికొచ్చేకాడికి అక్క ఎట్లయ్యా?"

మసూద్ నోరు తెరిచేలోపే ఆడవాళ్ళ వైపు నుంచి గంగక్క అందుకుంది. ఆమె చీరల వ్యాపారం మీద ధర్మవరం పోతూ వస్తూ ఉంటుంది. "అత్తా కాదు, అక్కా కాదు. ధర్మవరంలో ఆమె వాళ్ళమ్మ! ఎల్లప్పను కన్న తల్లి! నా చెవులారా ఇంట్ని."

"అమ్మయితే ఈ పిల్ల ఎవురు మరి?" అని ఎవరో అడిగారు.

"ఇంకెవురు? ఆ ముసలామె కూతురే కదా, చెల్లెలయితాది" అన్నాడు పోతులయ్య.

సరిగ్గా అప్పుడే టీవీలో ఎల్లప్ప ఆ పిల్లను గట్టిగా వాటేసుకున్నాడు.

"థూ!" అంది గోడౌను మొత్తం ఒక్కసారిగా. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నలుగురు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. వెనక మౌలాలి రహీమ్ చెవిలో ఏదో చెప్పి కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు చూశాక మసూద్‌కు భుజం మీద పడిన చెయ్యి ఎందుకు పడిందో తెలిసింది. ముందు చాప మీద ఫాతిమాబీ ఆవలించి, ఆకువక్క సంచి దగ్గరికి లాక్కుంది.

మసూద్‌కు భయమేసింది. అన్న మీద కోపం ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ కోపమే వాడికి నోరిచ్చింది.

"కూకోండప్పా, చెప్పులు యాడికీ పోవు! కొంచెమన్నా ఆలోచన చెయ్యొద్దా? ఆ బీరువా పోయేది పక్కూరికా? కాలంలో పోతాండాది! కాలం అటూ ఇటూ మారితే మనుషులు మారరా, వరసలు మారవా? హిందూపురంలో తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె అత్త. ధర్మవరంలో తెరుచుకున్నప్పుడు అమ్మ. నేను కాదన్నానా? పెనుకొండలో ఇప్పటికి అక్క. రెండోసారి తెరుచుకుంటే ఏమయితాదో ఎల్లప్పకే తెలీదు. అదే వాని బాధ! ఈ సినిమా అంతా అదే!"

చెప్పులు దొరికినవాళ్ళు కూడా నిలబడిపోయారు. పోతులయ్య "అదీ నిజమే" అంటూ కూర్చున్నాడు.

బీరువా తలుపు తెరుచుకుంది. రాజుల కాలం. "ఇప్పుడు ఉలిగమ్మ వానికి వదిన!" అన్నాడు మసూద్. ముసలామె చెప్పుతో కొట్టింది. వదిన కొట్టినా సరసమే కదా, జనం పకపకా నవ్వారు. తలుపు మళ్ళీ తెరుచుకుంది. "వియ్యపురాలు!" ఈసారి అదే ముసలామె అదే చెప్పు ఎత్తితే, పెళ్ళిలో మర్యాదలు తక్కువైనందుకు అని ఎవరికి వారే చెప్పుకున్నారు. తలుపు తెరుచుకుంటే అత్త, మూసుకుని తెరుచుకుంటే చిన్నమ్మ. ఆమె వరస మారినప్పుడల్లా రోజా వరస కూడా మారాల్సిందే. ఎల్లప్ప చేతులు చాచి ఆ పిల్ల వైపు పోతుంటే, "ముట్టుకోవద్దురా, చెల్లెలయితాది!" అని వెనక చాపలవాళ్ళు అరిచారు. తలుపు టప్పున పడి లేచింది. "మేనత్త!" అన్నాడు మసూద్. "ఇప్పుడు పట్టుకోరా, మరదలే!" అని గంగక్క అందరికంటే గట్టిగా కేక పెట్టింది.

కాసేపటికి వరస ఏదో ముందే చెప్పుకోవడం జనానికి పందెమైపోయింది. తలుపు కదిలితే చాలు, అత్తని ఒక పక్క, అక్కని ఇంకో పక్క. మసూద్ ఏది అంటే అది. వెనక గోడ దగ్గర మౌలాలి నవ్వు ఎప్పుడో ఆరిపోయింది.

చివరికి రావాల్సింది వచ్చింది. ఉలిగమ్మ బీరువాలో ఉండగా తలుపు పడిపోయింది. ఎల్లప్ప బయట నిలబడి దబదబా బాదాడు. క్యాసెట్టు అయిపోయి టీవీ అంతా నీలమైపోయింది.

"అంతేనా?" అన్నారు జనం. "ముసలామె ఏమాయ? బయటికి వచ్చెనా లేదా?"

'మిగతాది ధర్మవరంలో' అనాలి. ఉన్న సంగతి అదే. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. రహీమ్ గుమ్మంలో స్టూలు కళ్ళ ముందు కదిలింది. మసూద్ ఆ మాట మింగేసి, మైకు ఇంకా దగ్గరికి పెట్టుకున్నాడు.

"అయిపోయిందని ఎవురన్నారు? మనం ఇప్పుడు బీరువా లోపల ఉండాము. లోపల ఇట్లనే నీలంగా ఉంటాది. ఏమీ కనపడదు. ఇనల్ల."

ఎవరూ లేవలేదు. అందరూ ఆ నీలం డబ్బా వైపే కళ్ళప్పగించి చూస్తున్నారు.

"లోపల ఉలిగమ్మ. బయట ఎల్లప్ప. బీరువా వెనక్కి తిరుగుతాండాది. బయట ఎల్లప్ప చిన్నగయితాండాడు. మీసం పాయ. నిక్కరొచ్చె. ఇప్పుడు వానికి ఆరేండ్లు. ఇంగ ఉలిగమ్మ వానికి ఏం కావల్ల? అమ్మ. ఇదే ఆఖరి వరస, ఇంగ మారదు. వాడు తలుపు కొడతాండాడు. అమ్మా, నాయన సచ్చిపోయినంక అన్నను ఎంట పిల్చుకోని పోయినావు. తమ్మున్ని సంకలో ఏసుకోని పోయినావు. నన్నొక్కన్నే అవ్వ కాడ ఎందుకు ఇడిసిపెట్టి పోయినావు?"

నవ్వించాలనే మొదలుపెట్టాడు. ఎక్కడ దారి తప్పాడో వాడికీ తెలియదు. ఆ ప్రశ్న ఇరవై నాలుగేళ్ళుగా వాడి లోపలే ఉంది, అవ్వ పోయి తల్లి దగ్గరికి వచ్చాక కూడా ఆమె ఎదురుగా ఒక్కసారైనా నోరు దాటలేదు. ఇప్పుడు మైకులో పడి గోడౌను నాలుగు మూలలా మోగింది.

"నీకు ఆ పొద్దు జరం."

మాట ముందు చాప మీద నుంచి వచ్చింది. ఫాతిమాబీ టీవీ వైపే చూస్తూ, ఆ నీలం రంగుతోనే మాట్లాడుతున్నట్టు అంది. "ఒళ్ళు కాలిపోతాండె. బస్సు గాలికి ఏమన్నా అయితావేమోనని బయపడితి. వారానికి వచ్చి తీసుకపోదామనుకుంటి."

"వారం పోతూనే రాలేదే?" అన్నాడు మసూద్ మైకులోనే.

"వస్తి. మీ అవ్వ నిన్ను ఒళ్ళో పెట్టుకోని కూకోనుండె. కొడుకు పోయె, మనవన్నన్నా ఒగన్ని నాకు ఇడిసిపెట్టు అనె. నేనేం చేతురా? నువ్వు నిద్రపోతాంటివి. చూసి, తిరుక్కోని పోతి."

జనం ఇదంతా ముందే ఏర్పాటు చేసుకున్నదనుకున్నారు. తల్లీ కొడుకులు రెండు గొంతులతో కథ చెబుతున్నారని మురిసిపోయారు. గంగక్క ముక్కు చీదుకుంటూ, "ఎంత బాగా చెప్తాండాదబ్బా ముసలామె" అంది.

మసూద్‌కు కళ్ళు మసకబారాయి. అయినా మైకు చేతిలో ఉన్నవాడు ఏడవకూడదని నాయన చెప్పేవాడట. మైకు ఇంకో చేతికి మార్చుకుని, "అయితే ఇన్నాళ్ళూ తలుపు తీసుకోని బయటికి రాలేదెందుకు?" అన్నాడు.

"గొళ్ళెం నీ పక్క ఉండాది కదరా! నేను లోపల్నుంచి ఎట్ల తీస్తా? నువ్వొచ్చి తియ్యల్ల!" అంది ఫాతిమాబీ విసుగ్గా.

గోడౌను పైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. మసూద్ కూడా నవ్వాడు, నవ్వుతూనే చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "తీసినాడు! శుభం!" అని మైకు ఆపేశాడు.

జనం వెళ్ళిపోయాక అన్నదమ్ములు ముగ్గురూ తల్లి చుట్టూ చేరారు. మెహరున్నీసా తలుపు పక్కన నిలబడింది. ఫాతిమాబీ తీరిగ్గా ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

"పెనుకొండ వీడియో ఎత్తేస్తాండా" అంది.

మెహరున్నీసా ఊరుకోలేదు. "అదేందత్తా? ఒగరన్నా లేచిపోయినారా?"

"లేచిపోల్యా. అయితే కూకోని ఏం చూసినారు? ఉత్త నీలం డబ్బా చూసినారు. వీనికి టీవీ ఎందుకు, దండగ! మౌలాలీ, నీది మొదటి బాగం. బాగుండె, నవ్వితి. రహీమా, నీదాంట్లో పెండ్లి కూడా అయ్యె, అదీ బాగనే ఉండె. రైలు దిగి ఇంటికి పోయేకాడికి రెండూ మర్సిపోతి. నడిమిదానికి తలా లేదు, తోకా లేదు. వీడు రెండూ పెట్టుకోని చెప్పె." ఆమె కొడుకుల వైపు చెయ్యి చాపింది. "టీవీ, వీసీఆరు మీ ఇద్దరూ పంచుకోండి. మీ మైకులు తెచ్చి వీనికియ్యండి. ఇంగమీదట రెండూర్లలోనూ కత చెప్పేది మసూదే. మీరు టికెట్లు చింపండి."

రహీమ్ మొహం మాడిపోయింది. మౌలాలి ఏదో అనబోయాడు.

"సందులో వీని భుజం మీద చెయ్యేసి నువ్వేం చెప్పినావో, పరుపులకు దూది పెడతా అంతా ఇన్న్యా. నోరు తెర్సినావో, నీ టికెట్లు కూడా పీకేస్తా" అంది ఫాతిమాబీ.

మరుసటి ఆదివారం హిందూపురంలో కొత్త సినిమా. టికెట్లు చింపేసి వచ్చి మౌలాలి వీసీఆర్ పక్కన కూర్చున్నాడు. మైకు ముందు మసూద్. అంతమంది హిందూపురం జనం ఎదుట వాడు ఎన్నడూ మాట్లాడలేదు. ముందు చాప మీద తల్లి కూర్చుని ఉంది. ఆకువక్క సంచి ఈసారి ఇంట్లోనే పెట్టి వచ్చింది.

"ఏం రా," అన్నాడు మౌలాలి బొత్తాం మీద వేలు పెట్టి, "సినిమాలో ఉండేది చెప్తావా, మల్లా నీ సొంతం ఎత్తుకుంటావా? ముందే చెప్పు, జనం కొడితే నా వల్ల కాదు. అసలు నువ్వు..."

"ఊరికే ఉండరా మౌలాలీ," అంది ఫాతిమాబీ. "ఎప్పుడూ నువ్వే మాట్లాడితివి. ముందు వాన్ని మాట్లాడనీ."

మసూద్ మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. చెప్పడానికి ఎంతో ఉంది, కానీ ఆ ఇంట్లో ముందు వంతు వాడికి రావడం ఇదే మొదటిసారి. ఒక్క మాటా గొంతు దాటి రాలేదు. జనం అది కూడా కథలోదే అనుకుని, నోరు మెదపకుండా ఎదురుచూస్తూ కూర్చున్నారు.